సూది కాలికి, కబురు మెదడుకి

కాలి చిటికెన వేలి గోటికి బయటి అంచున చైనా సంప్రదాయ వైద్యులు ‘జియిన్’ అని పిలిచే ఒక చోటుంది. కంటి జబ్బులకు అక్కడ సూది గుచ్చడం వాళ్ళ పద్ధతి. ఈ సూది వైద్యాన్నే ఆక్యుపంక్చర్ అంటారు. కాలి వేలికీ కంటికీ ఏమిటి సంబంధం? కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ఇర్వైన్ శాఖలో అప్పట్లో పనిచేసిన కొరియా శాస్త్రవేత్త జాంగ్ హీ చో ఈ ప్రశ్నను నవ్వి వదిలెయ్యలేదు, స్కానర్‌కి అప్పజెప్పారు. ఆయన ఆషామాషీ మనిషి కారు. శరీరంలో జరిగే రసాయన చర్యలను బొమ్మకట్టి చూపే పెట్ స్కానర్లను 1970ల్లో తొలిగా తయారుచేసినవాళ్ళలో ఒకరు.

1998లో ఆయన బృందం ఒక సంచలన ఫలితం ప్రకటించింది. స్కానర్లో పడుకున్న ఆరోగ్యవంతులకు ఆ కాలి వేలి దగ్గర సూది గుచ్చి కదిలిస్తే, తల వెనక భాగంలో చూపుకు సంబంధించిన మెదడు పొర స్పందించింది. కళ్ళలోకి వెలుతురు కొట్టినప్పుడు ఎక్కడ స్పందన వస్తుందో దాదాపు అక్కడే. సూదిని కొద్ది సెంటీమీటర్లు పక్కకి జరిపి గుచ్చితే అలా రాలేదు. అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీ పత్రిక ఆ పరిశోధనను అచ్చువేసింది. వేల ఏళ్ళ నాటి చైనా సూది పటాన్ని ఆధునిక యంత్రం నిజమని తేల్చేసిందని ఎంతోమంది సంబరపడ్డారు.

ఆ తర్వాత ఇతర బృందాలు చూపుకు చెందినవని చెప్పే బిందువుల మీద ఇలాంటి పరీక్షలే చేశాయి. వాటిలో కొన్నిటికి ఎదురుచూసిన స్పందన కనిపించలేదు. 2006లో చో, ఆయనతో పాటు కొందరు సహరచయితలు అదే పత్రికలో ఆ వ్యాసాన్ని ఉపసంహరించుకున్నారు. కనీసం నొప్పి విషయంలో ఫలానా బిందువుకి ఫలానా ఫలితం అన్న నియమమేదీ కనిపించడం లేదనీ, తమ పాత వ్యాసంలోని ఫలితాలతో తామే ఇప్పుడు ఏకీభవించడం లేదనీ రాశారు. పేరు తెచ్చిన వ్యాసాన్ని తన చేత్తోనే కొట్టేసుకోవడం మాటలు కాదు. ఆ నిజాయితీ అంటే నాకు గౌరవం. బాధల్లా ఒక్కటే, 1998 నాటి కబురు వెళ్ళినంత దూరం 2006 నాటి కబురు వెళ్ళలేదు.

అలాగని కథ అక్కడితో అయిపోయిందనుకుంటే పొరపాటే. సూదికీ మెదడుకీ మధ్య నిజంగానే ఏదో జరుగుతోంది. అది చైనా పటంలో గీసిన దారిలో జరగడం లేదు, అంతే. మరి ఏ దారిలో జరుగుతోందో తెలుసుకోవడానికి ఈ పాతికేళ్ళలో జరిగిన పని ఆక్యుపంక్చర్ కన్నా నొప్పి గురించే మనకు ఎక్కువ నేర్పింది.

ముందు స్కానర్ ఇచ్చే మెదడు రంగుల బొమ్మ ఎలా తయారవుతుందో చూడాలి. తగువంతా అక్కడే ఉంది.

మన బరువులో మెదడు 2 శాతమే. శరీరం ఖర్చుచేసే శక్తిలో మాత్రం దాదాపు 20 శాతం దానికే పోతుంది. మెదడులో ఒకచోట నాడీకణాల పని పెరిగితే, కాసేపటికి అక్కడికి రక్తం ఎక్కువగా చేరుతుంది. రక్తంలో ఆక్సిజన్ మోసే హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌తో ఉన్నప్పుడు అయస్కాంతానికి ఒకలా, ఆక్సిజన్ వదిలేశాక మరొకలా స్పందిస్తుంది. ఈ తేడాను రసాయన శాస్త్రవేత్త లైనస్ పాలింగ్ 1936లోనే గమనించాడు. అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన జపాన్ శాస్త్రవేత్త సెయిజీ ఒగావా 1990లో దాన్ని మెదడు చిత్రాలకు వాడుకోవచ్చని ఎలుకల మీద చూపించాడు. ఈనాటి ఫంక్షనల్ ఎంఆర్ఐకి పునాది అదే.

అంటే ఈ యంత్రం ఆలోచనను చూడదు, నాడీకణాన్నీ చూడదు. నాడీకణాలు పనిచేశాక వాటి కోసం వచ్చిన రక్తాన్ని చూస్తుంది. నాడి కబురు సెకనులో వెయ్యో వంతు లెక్కన నడిస్తే, రక్తం ఉద్ధృతి అయిదారు సెకన్లు ఆలస్యంగా వస్తుంది. కొలిచే మార్పు కూడా సాధారణంగా కొద్ది శాతమే. బొమ్మలో కనిపించే ఎరుపూ పసుపూ కంప్యూటర్ వేసిన రంగులు. ఇక్కడి మార్పు కాకతాళీయం కాకపోవచ్చు అని గణాంకాల లెక్క చెప్పిన చోట అది రంగు పులుముతుంది. మెదడు ఎక్కడా ‘వెలగదు’.

లెక్క తప్పితే రంగూ తప్పుతుంది. మెదడును కంప్యూటర్ వేలాది చిన్న ఘనాలుగా విడగొట్టి ప్రతిదాన్నీ విడిగా పరీక్షిస్తుంది. అన్ని వేల పరీక్షలు చేస్తే కొన్ని ఊరికే ‘అవును’ అంటాయి. 2009లో క్రెయిగ్ బెన్నెట్ అనే అమెరికన్ పరిశోధకుడి బృందం చచ్చిన సాల్మన్ చేపను స్కానర్లో పెట్టి, దానికి మనుషుల ఫోటోలు చూపించి, ఈ వ్యక్తి ఏ భావోద్వేగంలో ఉన్నాడని అడిగింది. లెక్కను సరిదిద్దకుండా వదిలేస్తే చేప మెదడులోనూ కొన్ని చుక్కలు రంగు తేలాయి. సరిదిద్దితే మాయమయ్యాయి. తొలినాటి ఆక్యుపంక్చర్ స్కాన్లు చాలావరకు పదీ పదిహేను మందితో చేసినవి. వాటిని చదివేటప్పుడు ఆ చేపను మరిచిపోకూడదు.

సూదితో వచ్చే చిక్కు ఇంకొకటుంది. ‘సూది గుచ్చితే మెదడు స్పందించింది’ అన్న వాక్యంలో కొత్త సంగతి ఏమీ లేదు. దోమ కుట్టినా మెదడు స్పందిస్తుంది. స్పర్శను గ్రహించే పొర ఒకటి నెత్తి మీదుగా ఈ చెవి నుంచి ఆ చెవి దాకా ఉంటుంది. ఒంటి మీద ఎక్కడ ఏం తగిలినా కబురు దానికి చేరుతుంది. కాబట్టి అడగాల్సింది, ఆక్యుపంక్చర్ సూదికి వచ్చే స్పందన మామూలు తాకిడికీ మామూలు నొప్పికీ వచ్చే స్పందన లాంటిదేనా అని.

ఈ ప్రశ్నను గట్టిగా పట్టుకున్నది బాస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్. అక్కడ క్యాథలీన్ హుయి బృందం 2000లో చేసిన అధ్యయనం ఈ రంగానికి మలుపు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండలో ‘హెగు’ అనే బిందువుంది. పంటినొప్పికీ తలనొప్పికీ అక్కడ నొక్కుకోమని మనవాళ్ళు కూడా చెబుతుంటారు. వాళ్ళు స్కానర్లో మనిషిని పడుకోబెట్టి, తల కదలకుండా దిండ్లు సర్ది, చెవుల్లో బిరడాలు పెట్టి, ఆ చోట సూది గుచ్చి, కాసేపు తిప్పడం, కాసేపు ఊరుకోవడం, మళ్ళీ తిప్పడం చేశారు. చివర్లో ఎలా అనిపించిందో అడిగారు.

ఆ అడగడమే కీలకమైంది. ఆక్యుపంక్చర్ వైద్యులు సూది దిగిన చోట చురుక్కుమనాలని కోరుకోరు. సలుపు, బరువు, తిమ్మిరి, లోపల నిండుకున్నట్టు ఉండటం, మొద్దుబారడం, ఇలాంటివి రావాలి. దీన్ని వాళ్ళు ‘దెచీ’ అంటారు. అది వస్తేనే సూది పనిచేస్తోందని లెక్క. హుయి పరీక్షించిన 13 మందిలో 11 మందికి దెచీ వచ్చింది. వాళ్ళలో అమిగ్డలా, హిప్పోక్యాంపస్, హైపోథాలమస్ లాంటి లోతైన భాగాల్లో సంకేతం తగ్గింది. ఇవన్నీ భయం, కలవరం, జ్ఞాపకం, బాధ తాలూకు ఉద్వేగం నడిచే భాగాలు. మిగతా ఇద్దరికి దెచీ బదులు నొప్పి కలిగింది. వాళ్ళలో అవే భాగాల్లో సంకేతం పెరిగింది. చర్మాన్ని ఊరికే తాకినప్పుడు ఈ తగ్గుదల రాలేదు.

మెదడు చిత్రాలంటే ఎక్కడ పెరిగిందా అని వెతకడం అప్పటి అలవాటు. ఇక్కడ తగ్గడం కనిపించింది. 2005లో అదే బృందం మోకాలి కింద, ముంగాలి ఎముకకు బయటివైపు ఉండే ‘జూసాన్లీ’ అనే బిందువు మీద చేసిన పనిలోనూ దెచీకి తగ్గుదల, పదునైన నొప్పికి పెరుగుదల వచ్చాయి. తర్వాతి ఏళ్ళలో చాలా దేశాల అధ్యయనాలను కలిపి చూసినప్పుడు కూడా స్పర్శ పొరలో పెరుగుదల, లోతైన ఉద్వేగ భాగాల్లో తగ్గుదల అన్న ఈ రూపురేఖ మొత్తం మీద నిలబడింది. అది ఏ ఒక్క బిందువు సొత్తూ కాదు. చేతికి గుచ్చినా కాలికి గుచ్చినా పెద్దగా మారకుండా వస్తుంది.

మరి ఆ తగ్గుదల వల్ల నొప్పి తగ్గిందా? అది వేరే ప్రశ్న. ఆరోగ్యవంతుల మెదడులో ఒక భాగం మందగిస్తే మోకాళ్ళ నొప్పి ఉన్న ఇంటావిడకు ఉపశమనం దొరుకుతుందని చెప్పలేం. ఇక్కడే చాలా ప్రచార వ్యాసాలు ఒక మెట్టు ఎగిరి దూకేస్తాయి.

నొప్పి వైపు నుంచి ఈ కథ ఇంకా పాతది. 1971 జులైలో అమెరికన్ పాత్రికేయుడు జేమ్స్ రెస్టన్‌కి బీజింగ్‌లో అపెండిక్స్ ఆపరేషన్ జరిగింది. ఆపరేషన్ మామూలు మత్తు ఇంజెక్షన్లతోనే జరిగింది. తర్వాత పొట్టలో ఇబ్బంది మొదలైతే మోచేతికీ మోకాళ్ళ కిందా సూదులు గుచ్చారు. ఆయన దాన్ని న్యూయార్క్ టైమ్స్‌లో రాశాక, సూదులతోనే కోత కోశారన్న మాట లోకమంతా పాకింది. మన దేశానికి అంతకు ముందే ఆక్యుపంక్చర్ వచ్చేసింది. 1938లో చైనాకి వెళ్ళిన భారత వైద్య బృందంలో డాక్టర్ కోట్నిస్‌తో పాటు ఉన్న డాక్టర్ బిజయ్ కుమార్ బసు 1950ల చివర మళ్ళీ చైనా వెళ్ళి, ఈ విద్య నేర్చుకుని కలకత్తాకి తెచ్చారు.

సూదికీ నొప్పికీ మధ్య రసాయనం ఉందని మొదట గట్టిగా అన్నది బీజింగ్‌లో హాన్ జిషెంగ్. 1970ల మొదట్లో ఆయన సూది చికిత్స చేసిన కుందేలు మెదడు ద్రవాన్ని తీసి, సూది ఎక్కించని కుందేలు మెదడులోకి పంపితే దానికీ నొప్పి ఓర్పు పెరిగింది. ఆ ద్రవంలో ఏదో ఉందన్నమాట. 1975లో స్కాట్లండ్‌లో హ్యూస్, కాస్టర్లిట్జ్ మెదడు తనంతట తాను తయారుచేసుకునే నల్లమందు లాంటి పదార్థాలను కనిపెట్టారు. 1977లో అమెరికాలో మేయర్ బృందం నల్లమందు ప్రభావాన్ని విరిచే నాలొక్సోన్ ఇస్తే సూది వల్ల వచ్చిన ఉపశమనం పోతోందని చూపించింది. సూదికి కరెంటు కలిపితే తక్కువ వేగం ప్రకంపనలకు ఈ సొంత నల్లమందుల్లో (ఎండార్ఫిన్లలో) ఒకరకం, ఎక్కువ వేగానికి మరోరకం విడుదలవుతాయని హాన్ తర్వాత తేల్చారు. మన ఊళ్ళలో ఫిజియోథెరపీకి వెళ్ళి ‘నడుముకి కరెంటు పెట్టించుకుంటున్నా’ అనే పెద్దవాళ్ళు వాడేది చర్మం మీద అంటించే చిన్న పలకల యంత్రం. అందులోనూ వేగం మార్చే మర ఉంటుంది.

ఈ ఎండార్ఫిన్ కథను బతికున్న మనిషి మెదడులో చూడాలంటే పెట్ స్కాన్ కావాలి. మిషిగన్ విశ్వవిద్యాలయంలో రిచర్డ్ హారిస్ బృందం 2009లో ప్రచురించిన అధ్యయనం నాకు ఈ రంగంలో అన్నిటికన్నా ఆలోచింపజేసింది. ఒళ్ళంతా నొప్పులు, నిద్రలేమి, అలసటతో ఏళ్ళ తరబడి వేధించే జబ్బు ఫైబ్రోమయాల్జియా. ఆ జబ్బున్న 20 మంది స్త్రీలను తీసుకున్నారు. నల్లమందు తాళంచెవిలా ఇమిడే గ్రాహకాలకు అతుక్కునే కార్‌ఫెంటనిల్ అనే మందును రేణువంత తీసుకుని, దానికి 20 నిమిషాల్లో సగానికి సగం కరిగిపోయే రేడియోధార్మిక కార్బన్ తగిలించారు. అంత తొందరగా పోయేదాన్ని ఎక్కడినుంచో తెప్పించుకోలేం, అక్కడికక్కడే తయారుచేసుకోవాలి. సగంమందికి అసలు సూదులు, సగంమందికి చర్మంలో దిగని ఉత్తుత్తి పోట్లు. కొన్ని వారాల పాటు.

అసలు సూదులు పొందినవాళ్ళ మెదడులో నొప్పిని తూచే సింగ్యులేట్, ఇన్సులా, థాలమస్ వంటి చోట్ల ఆ గ్రాహకాల అందుబాటు పెరిగింది. ఉత్తుత్తి పోట్ల గుంపులో పెరగలేదు. ఇక నొప్పి మాట. రెండు గుంపుల్లోనూ దాదాపు ఒకేలా తగ్గింది!

దీన్ని రెండు రకాలుగా వాడుకోవచ్చు, రెండు వైపులవాళ్ళూ వాడుకున్నారు కూడా. మెదడులో తేడా ఉంది కాబట్టి ఆక్యుపంక్చర్ నిజమని ఒకరు, నొప్పిలో తేడా లేదు కాబట్టి అబద్ధమని మరొకరు. నాకు తోచేది వేరు. నొప్పి తగ్గడానికి మెదడులో ఒకే దారి లేదు. ఇద్దరు రోగులు ‘ఇప్పుడు కొంచెం నయం’ అంటే, ఆ నయం రెండు వేర్వేరు దారుల్లో వచ్చి ఉండొచ్చు.

ఉత్తుత్తి పోటు ఎలా పొడుస్తారో చెప్పాలి. 1998లో జర్మనీ వైద్యుడు కొన్రాడ్ ష్ట్రైట్‌బర్గర్ మొండి కొనతో ఒక సూది చేశాడు. చర్మానికి తగిలి చిన్నగా గుచ్చినట్టు అనిపిస్తుంది కానీ లోపలికి దిగదు, పిడిలోకే జారిపోతుంది. చూసేవాళ్ళకు దిగినట్టే ఉంటుంది. ఇది రాకముందు సూది వైద్యానికి నకిలీ మందు అన్నదే సరిగ్గా లేదు. తర్వాత వచ్చిన పెద్ద ప్రయోగాల్లో జర్మనీలో నడుము నొప్పి మీద 1,162 మందితో చేసింది ఒకటి, 2007లో ప్రచురించారు. అందులో నకిలీగా వాడింది బిందువులు కాని చోట్ల పైపైన గుచ్చిన సూదులు. ఆరు నెలలకి బాగా నయమైనవాళ్ళు ఆక్యుపంక్చర్ గుంపులో 47.6 శాతం, నకిలీ సూదుల గుంపులో 44.2 శాతం, మందులూ వ్యాయామమూ లాంటి మామూలు చికిత్స గుంపులో 27.4 శాతం. సూది మామూలు చికిత్సను దాటింది, నకిలీ సూదిని మాత్రం చెప్పుకోదగ్గంత దాటలేదు.

ఇలాంటి సాక్ష్యమే చేతిలో పెట్టుకుని రెండు దేశాలు రెండు రకాలుగా నడిచాయి. దీర్ఘకాలిక నడుము నొప్పికీ మోకీళ్ళ అరుగుదలకీ ఆక్యుపంక్చర్ ఖర్చు బీమాలో చేర్చడానికి జర్మనీ ఒప్పుకుంది. బ్రిటన్ వైద్య మార్గదర్శక సంస్థ నైస్ 2016లో నడుము నొప్పికి దాన్ని సిఫారసు జాబితా నుంచి తీసేసింది, 2021లో మరోరకం దీర్ఘకాలిక నొప్పులకు ప్రయత్నించవచ్చని చెప్పింది. రెండు చోట్లా చదువుకున్నవాళ్ళే కూర్చుని తేల్చారు. ఇంకో సంగతి కూడా దృష్టిలో ఉంచుకోవాలి. 1998లో ఆండ్రూ విక్కర్స్ బృందం వెతికితే చైనా, జపాన్, హాంగ్‌కాంగ్, తైవాన్‌ల నుంచి అచ్చయిన ఆక్యుపంక్చర్ ప్రయోగాలన్నీ అనుకూల ఫలితాలే చెప్పాయి. ప్రతి ప్రయోగమూ నెగ్గిందంటే ఓడినవి ఎక్కడో అటకెక్కి ఉంటాయి.

మరి నకిలీ సూదికి అంత బలం ఎక్కడిది? నమ్మకానికి మెదడులో రూపం ఉంది. బాస్టన్‌లోనే జియాన్ కాంగ్ బృందం ఒక ఎత్తు వేసింది. ముంజేతి మీద చిన్న పలకతో చురుక్కుమనేంత వేడి పెడతారు. తర్వాత సూది పెట్టి, చేతిలో ఫలానా వైపే నొప్పి తగ్గుతుందని చెబుతారు. ఆ వైపుకి వచ్చేసరికి చెప్పకుండా వేడి తగ్గిస్తారు. ‘అరె, నిజంగానే పనిచేస్తోందే’ అన్న నమ్మకం కుదురుతుంది. ఆ తర్వాత స్కానర్లో వేడి మళ్ళీ యథాప్రకారం పెడతారు. నమ్మకం కుదిరినవాళ్ళలో అసలు సూదికీ నకిలీ సూదికీ నొప్పి తగ్గిందని చెప్పే మాట ఇంచుమించు ఒకటే. మెదడు స్కాన్లో మాత్రం నొప్పికి స్పందించే భాగాల్లో సంకేతం అసలు సూదికి ఎక్కువగా తగ్గింది. మిషిగన్‌లో కనిపించిన రెండు దారులు ఇక్కడా కనిపిస్తున్నాయి. ఒకటి సూది వైపు నుంచి కింద నాడుల మీదుగా పైకెక్కేది, మరొకటి ‘తగ్గుతుంది’ అన్న ఆశ నుంచి కిందకి దిగేది.

ఇప్పటిదాకా చెప్పిన నొప్పులన్నిటిలో ఒక ఇబ్బంది ఉంది. నొప్పి ఎంతో రోగి నోటితో చెప్పాలి, మనం నమ్మాలి. నోటి మాటతో పాటు యంత్రంతోనూ కొలవగలిగే జబ్బు ఒకటి దొరికితే బాగుండు అని బాస్టన్ పరిశోధకుడు విటాలీ నాపడో ఆలోచించారు. దొరికింది. మణికట్టులో ఎముకలకీ గట్టి పట్టీకీ మధ్య ఇరుకు దారిలోంచి అరచేతిలోకి మీడియన్ నరం వెళుతుంది. అది నలిగితే బొటనవేలు, చూపుడు, నడిమి వేళ్ళు తిమ్మిరెక్కుతాయి. అర్ధరాత్రి మెలకువ వచ్చి, మంచం మీద కూర్చుని చెయ్యి విదిలించుకుంటే తప్ప తిమ్మిరి వదలదు. చొక్కా బొత్తాం పెట్టుకోవడం, సూదిలో దారం ఎక్కించడం కష్టమవుతుంది. ఆడవాళ్ళకి ఎక్కువగా వస్తుంది. కార్పల్ టనెల్ సిండ్రోమ్ అని డాక్టరు రాస్తారు. నరంలో కరెంటు ఎంత ఆలస్యంగా నడుస్తోందో పరీక్షతో మిల్లీసెకన్లలో కొలవొచ్చు.

మెదడు స్పర్శ పొరలో ప్రతి వేలికీ విడి చోటుంది. మామూలు మనిషిలో చూపుడువేలి చోటు, నడిమి వేలి చోటు పక్కపక్కనే ఉన్నా స్పష్టంగా వేరుగా ఉంటాయి. ఈ జబ్బులో అవి దగ్గరకి జరిగి, రెండు చేల మధ్య గట్టు తెగి నీళ్ళు కలిసిపోయినట్టు ఒకదానిలోకి ఒకటి కలగలుస్తాయి. నలిగిన నరం రెండు వేళ్ళ నుంచీ ఒకేసారి అడ్డదిడ్డంగా కబుర్లు పంపడం దీనికి కారణమని భావిస్తున్నారు. జబ్బు మొదలైంది మణికట్టులో, కానీ మెదడులోని పటం కూడా చెదిరింది.

2017లో ‘బ్రెయిన్’ పత్రికలో మయేదా, నాపడో బృందం ఫలితాలు వచ్చాయి. 80 మంది రోగుల్ని చీటీలు తీసినట్టు మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకి జబ్బున్న మణికట్టు దగ్గరే సూదులు, వాటికి కొద్దిగా కరెంటు. రెండో గుంపుకి అవే సూదులు, అదే కరెంటు, కానీ ఎదుటివైపు చీలమండ దగ్గర. మూడో గుంపుకి మణికట్టు మీదే లోపలికి దిగని ఉత్తుత్తి సూదులు. ఎనిమిది వారాల్లో పదహారు సార్లు.

మూడు గుంపులూ తిమ్మిర్లు తగ్గాయన్నాయి. మళ్ళీ అదే కథ అనిపిస్తుంది. అయితే యంత్రం లెక్క వేరుగా వచ్చింది. మణికట్టు నరం వేగం మెరుగైంది అసలు సూదులు పొందినవాళ్ళలోనే. మెదడులో చూపుడు, నడిమి వేళ్ళ చోట్ల మధ్య దూరం పెరిగింది కూడా వాళ్ళలోనే. చికిత్స అయిన వెంటనే ఆ దూరం ఎంత పెరిగిందన్న దాన్నిబట్టి, మూడు నెలల తర్వాత ఎవరికి నయం నిలుస్తుందో అంచనా కుదిరింది. నోటి మాటకు అప్పటికప్పుడు అందని తేడా మెదడులో ముందే కనిపించిందన్నమాట.

ఒక మెదడు బొమ్మ ఎప్పుడు సాక్ష్యమవుతుందో ఈ ప్రయోగం చూపిస్తోంది. ‘రంగు వచ్చింది’ అన్నంత మాత్రాన కాదు. జబ్బులో ఆ చోట ఏం చెడిందో ముందే తెలిసి ఉండాలి. చికిత్సతో అది మారాలి. నకిలీ చికిత్సతో మారకూడదు. ఆ మార్పు రోగి తర్వాతి బాగోగులతో ముడిపడాలి. చో 1998 బొమ్మలో ఇవేవీ లేవు. ఈ బొమ్మలో ఉన్నాయి. ఇదొక్కటే ప్రయోగం, మరిన్ని చోట్ల మళ్ళీ చేసి చూడాలి. ఈ రోగులు తీవ్రత మరీ ముదరనివాళ్ళు. బొటనవేలి కింద కండ కరిగిపోతున్నా, పట్టు సడలి గిన్నె జారిపోతున్నా సూదుల కోసం నెలలు గడపకూడదు, ఆపరేషన్ మాట ఆలోచించాలి. ఎక్కడ చేయించుకున్నా సూదులు ఒకసారి వాడి పారేసేవే అయ్యుండాలని అడగడంలో మొహమాటం వద్దు.

‘ఆ డాక్టరు హస్తవాసి మంచిది’ అంటుంటారు మనవాళ్ళు. స్కానర్ ఇప్పుడు దాని జోలికీ వెళ్ళింది. నాపడో, ఎలింగ్‌సన్ బృందం 2020లో ప్రచురించిన పనిలో ఆక్యుపంక్చర్ వైద్యుల్నీ ఫైబ్రోమయాల్జియా రోగుల్నీ జంటలుగా తీసుకుని, ఇద్దర్నీ వేర్వేరు స్కానర్లలో ఒకేసారి పడుకోబెట్టారు. ఒకరి ముఖం ఒకరికి వీడియోలో కనబడుతుంది. రోగి కాలికి పట్టీ బిగించి నొప్పి పుట్టిస్తారు. సూదుల కరెంటు నడపాల్సింది అవతలి స్కానర్లో ఉన్న వైద్యుడు. ఎదుటివాళ్ళ మనసు గ్రహించడంలో పాలుపంచుకునే భాగాలు, చెవి వెనక పైన ఉండే ఒక భాగంతో సహా, ఇద్దరి మెదళ్ళలోనూ ఒకే లయలో కదిలాయి. రోగి ముఖకవళికలు వైద్యుడి ముఖంలో ఎంత ప్రతిఫలిస్తే, మెదళ్ళు ఎంత జతకూడితే, ఉపశమనం అంత ఎక్కువగా ఉంది. ఇద్దరూ ముందే కలిసి మాట్లాడుకున్న జంటల్లో ఈ జతకూడటం ఎక్కువ. మన పెద్దాసుపత్రుల్లో బయటి వరుస చూసి తల ఎత్తకుండా చీటీ రాసే తొందరలో రోగి ఏం పోగొట్టుకుంటున్నాడో దీన్నిబట్టి ఊహించొచ్చు. టెడ్ కాప్‌చుక్ 2008లో ప్రచురించిన ప్రయోగంలో 262 మంది పేగుల జబ్బు రోగులు ఉన్నారు, సూదులు వాడినవాళ్ళకి ఉత్తుత్తి సూదులే వాడారు. ఏ చికిత్సా లేకుండా ఎదురుచూసినవాళ్ళలో 28 శాతానికి, నకిలీ సూదులు మాత్రం పొందినవాళ్ళలో 44 శాతానికి, నకిలీ సూదులతో పాటు వైద్యుడు తీరిగ్గా కూర్చుని ఆప్యాయంగా మాట్లాడినవాళ్ళలో 62 శాతానికి ఉపశమనం దొరికింది.

ఇంతకీ బిందువు ఎక్కడన్నది అసలు లెక్కలోకే రాదా? ఎలుకల్లో మాత్రం వస్తుంది, పైగా కారణం కూడా తెలుస్తోంది. హార్వర్డ్ మెడికల్ స్కూల్‌కి చెందిన చ్యూఫూ మా బృందం 2021లో ‘నేచర్’లో చూపించింది. ఒళ్ళంతా వాపు రేగిన ఎలుకల వెనక కాలికి జూసాన్లీ దగ్గర సన్నటి కరెంటు ఇస్తే, కబురు వెన్ను మీదుగా మెదడు కాండానికి, అక్కడినుంచి లోపలి అవయవాలకి వెళ్ళే వేగస్ నరం ద్వారా అడ్రినల్ గ్రంథులకి వెళ్ళి వాపు తగ్గించింది. కడుపు మీద ఉండే బిందువుకి అంతే కరెంటు ఇస్తే తగ్గలేదు. ఎందుకంటే ఈ కబురు మోసే ప్రత్యేకమైన నరాలు కాలి లోపలి పొరల్లో దండిగా ఉన్నాయి, కడుపు దగ్గర లేవు. ఆ నరాల్ని తీసేసిన ఎలుకల్లో కాలికి గుచ్చినా పనిచేయలేదు. అంటే చోటుకి విలువ ఉంది, ఆ విలువ అక్కడి నరాలది.

ఇదే దారి మనిషిలోనూ ఉందో లేదో చూడాలంటే మెదడు కాండంలోని కేంద్రాల్ని చూడాలి. అవి కొద్ది మిల్లీమీటర్లే. గుండె కొట్టుకున్న ప్రతిసారీ, ఊపిరి తీసిన ప్రతిసారీ అవి కదులుతాయి. 3 టెస్లా అయస్కాంత బలమున్న మామూలు యంత్రంలో బొమ్మ అలుక్కుపోతుంది. బాస్టన్ బృందం అందుకే 7 టెస్లా యంత్రం వాడటం మొదలుపెట్టింది. చెవి డొప్పలో వేగస్ నరం కొమ్మ ఒకటి చర్మం కిందే ఉంటుంది. అక్కడ కరెంటు ఇచ్చి చూస్తే, ఊపిరి తీసేటప్పటి కన్నా వదిలేటప్పుడు ఇచ్చిన కరెంటుకే మెదడు కాండంలోని వేగస్ కేంద్రాలు ఎక్కువ స్పందించాయి. ఆ ప్రయోగాల్లో సూది లేదు. చర్మం మీద అంటించిన చిన్న ఎలక్ట్రోడ్, ఊపిరిని కనిపెట్టుకుని ఉండే ఒక కంప్యూటర్, అంతే.